ఎఫ్‌ఐఆర్‌లో తమ్ముడి పేరు ఉంది, స్టేషన్‌కు రమ్మంటున్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది కాబట్టి. ఊళ్లో పొలం గట్టు దగ్గర గొడవ జరిగింది. అవతలి వాళ్లలో ఒకాయనకు కర్ర దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరాడు. ఫిర్యాదులో మీ నాన్నగారు, ఇద్దరు బాబాయిలతో పాటు మీ తమ్ముడి పేరు కూడా ఏ4గా, అంటే నాలుగో ముద్దాయిగా రాశారు. ఆ రోజు తమ్ముడు హైదరాబాదులో ఆఫీసులో ఉన్నాడు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లు" అంటున్నారు, రాకపోతే అమ్మను తీసుకొచ్చి కూర్చోబెడతామన్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన కొంత ఖర్చుపెడితే పేరు తీయిస్తానంటున్నాడు. వెళ్లాలా వద్దా, ముందస్తు బెయిల్ అవసరమా, ఉద్యోగం, పాస్‌పోర్టు ఏమవుతాయి అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా జిల్లా కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను. అన్నింటికన్నా ముఖ్యమైన మాట మొదటే చెప్పేస్తాను. ముద్దాయి తరఫు కేసు సాక్షుల విచారణ రోజున మొదలవదు. ఎఫ్‌ఐఆర్ అయిన మొదటి రెండు మూడు వారాల్లోనే అది సగం తయారవుతుంది, లేదా సగం పాడవుతుంది. ఆ రోజుల్లో కుటుంబాలు చేసే పని ఏమిటంటే, నాయకుల చుట్టూ, మధ్యవర్తుల చుట్టూ తిరగడం. ఈలోపు నిజాన్ని నిరూపించగల సీసీటీవీ రికార్డు చెరిగిపోతుంది. రెండేళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చి "సార్, ఆ రోజు మావాడు ఊళ్లోనే లేడు" అంటారు. నేను నమ్ముతాను. జడ్జి గారికి చూపించడానికి మాత్రం కాగితం ఉండదు.

అందుకే మీరు ఈ రాత్రే మొదలుపెట్టాల్సిన పని స్టేషన్‌లో లేదు, తమ్ముడి ఆఫీసులో ఉంది. గేటు దగ్గర, లిఫ్టు దగ్గర ఉండే కెమెరాల రికార్డింగు చాలా చోట్ల కొన్ని వారాలకే దానంతటదే చెరిగిపోయి దాని మీద కొత్తది రికార్డవుతుంది. ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని హెచ్‌ఆర్‌కు, సెక్యూరిటీ వాళ్లకు తమ్ముడు ఈమెయిల్ పెట్టాలి. నోటిమాట సరిపోదు. ఉంటున్న అపార్టుమెంటు లేదా హాస్టల్ వాళ్లకూ అలాగే రాయాలి. ఆఫీసు యాక్సెస్ కార్డు వివరాలు, హాజరు రికార్డు, ఆ రోజు చేసిన యూపీఐ చెల్లింపులు, మెట్రో ప్రయాణం, మధ్యాహ్నం తెప్పించుకున్న భోజనం ఆర్డరు, ఏది ఉంటే అది తీసి పెట్టాలి. సెల్ టవర్ లొకేషన్ కూడా పనికొస్తుంది కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఫోన్ హైదరాబాదులో ఉందని అది చెబుతుంది, మనిషి ఉన్నాడని చెప్పదు. ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, "ఫోన్ రూములో వదిలేసి వచ్చాడు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ముఖం కనిపించే ఫుటేజీ, పక్కన కూర్చుని పనిచేసిన మనిషి సాక్ష్యం, ఈ రెండూ ఉంటే ఆ వాదన నిలబడదు.

ఇంకొక విషయం. ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తే కోర్టు తీసుకోదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ ఉండాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లం. ఇప్పుడది రెండు భాగాలు: ఒకటి రికార్డు ఇచ్చేవాళ్లు నింపేది, రెండోది నిపుణుడు నింపేది, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య కూడా రాయాలి. మీ లాయరు ఇవన్నీ చూసుకుంటారు, కానీ అసలు ఫైలు ఎవరూ కట్ చేయకుండా, వాట్సాప్‌లో అటూ ఇటూ పంపకుండా ఉంచే బాధ్యత మీది. తమ్ముడి ఫోన్‌లో కూడా ఏదీ డిలీట్ చేయొద్దు. అందులో అవతలివాళ్ల మీద కోపంతో పెట్టిన మెసేజ్ ఉన్నా సరే, అలాగే ఉండనివ్వండి. సాక్ష్యం మాయం చేశారన్న కొత్త నేరం నెత్తిన పడితే దానికి జవాబు చెప్పుకోవడం మరీ కష్టం.

ఇప్పుడు స్టేషన్ సంగతి. ఫోన్ చేసి రమ్మనడం చట్టం చెప్పిన నోటీసు కాదు. మీరు పంపిన ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నవి భారతీయ న్యాయ సంహిత 118(1), అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, 351(2) బెదిరింపు, వాటితో పాటు 3(5), అంటే పాత 34, అందరి ఉమ్మడి ఉద్దేశం. 118(1)కి శిక్ష మూడేళ్ల వరకు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకుంటే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి పిలవాలి. మనమంతా ఇప్పటికీ 41ఎ నోటీసు అంటాం, కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసుకు హాజరై సహకరిస్తున్న మనిషిని అరెస్టు చేయాలంటే పోలీసులు కారణాలు రాసి పెట్టాలి. అలాగని నోటీసు వచ్చాక వెళ్లకుండా ఉంటే మాత్రం ఆ కారణం మనమే వాళ్లకు ఇచ్చినట్టవుతుంది.

కాబట్టి వెళ్లాలి, కానీ నోటీసు చేతికి తీసుకుని, లాయరును వెంటబెట్టుకుని వెళ్లాలి. ఫోన్ చేసినవాళ్లతో మర్యాదగానే మాట్లాడమనండి: "సార్, నోటీసు ఇవ్వండి, చెప్పిన టైముకు వస్తాను." అంతకుమించి ఫోన్‌లో కేసు గురించి ఒక్క ముక్క వద్దు. నోటీసు అందుకున్నట్టు సంతకం పెట్టవచ్చు, తేదీ, సమయం వేసి పెట్టాలి, మన కాపీ మనం తీసుకోవాలి. లోపల ప్రశ్నలు అడిగినప్పుడు పక్కనే లాయరు ఎంతసేపైనా కూర్చునే హక్కు లేదు, కానీ విచారణ మధ్యలో లాయరును కలుసుకునే హక్కు 38వ సెక్షన్ ఇచ్చింది (ఇదీ, కింద వచ్చే 181, 179, 358, 482 కూడా నాగరిక్ సురక్షా సంహితలోవే). తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని రాజ్యాంగం 20(3) చెబుతుంది. పేరు, ఊరు, ఉద్యోగం, ఆ రోజు తాను ఎక్కడ ఉన్నాడు, ఇవి చెప్పవచ్చు. ఊళ్లో గొడవ ఎలా జరిగింది, ఎవరు ముందు కొట్టారు అంటే, చూడని విషయం గురించి ఊహించి చెప్పకూడదు. నాన్నను కాపాడాలని అల్లిన ఒక్క కథ చాలు, రేపు అతని నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

సంతకాల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి. పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. తెల్ల కాగితం మీద, చదవని కాగితం మీద, "ఫార్మాలిటీ" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కానీ ఒప్పుకున్నాక "ఇతను చూపిస్తే ఫలానా చోట కర్ర దొరికింది" అని సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట పంచనామా రాస్తే, దొరికిన వస్తువుకు సంబంధించిన ఆ భాగం మటుకు చెల్లుతుంది. హైదరాబాదులో ఉన్నవాడి సంతకం ఊళ్లో దొరికిన కర్ర పంచనామా మీద ఉంటే ఇక మన ఫుటేజీకి విలువ ఏముంటుంది?

అమ్మను కూర్చోబెడతామనడం గురించి. ఆడవాళ్లను విచారణ కోసం స్టేషన్‌కు పిలిపించకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. 179వ సెక్షన్ అదే చెబుతోంది. 60 ఏళ్లు దాటినవాళ్లకు, 15 ఏళ్లలోపు పిల్లలకు, వికలాంగులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎవరు ఏ నంబరు నుంచి ఎప్పుడు ఫోన్ చేసి ఏమన్నారో రాసి పెట్టుకోండి. మళ్లీ అంటే లాయరు చేత డీఎస్పీకి, ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపించండి. చాలాసార్లు ఆ ఒక్క కాగితంతోనే అలాంటి ఫోన్లు ఆగిపోతాయి.

పెద్దమనిషికి డబ్బు ఇవ్వొద్దు. ఆయన ఎంత దగ్గరివాడైనా వద్దు. ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కిన పేరును నోటిమాటతో తీయడం ఎస్సై చేతిలో కూడా లేదు, దానికి దర్యాప్తులో కారణం కనపడాలి. లంచం ఇవ్వడం కూడా నేరమే. అన్నింటికన్నా బాధ కలిగించేది, ఆ డబ్బు నిజంగా అక్కడికి చేరిందో లేదో కూడా మీకు తెలియదు. "జడ్జి గారు తెలుసు" అని చెప్పే లాయరు దగ్గరికి కూడా వెళ్లకండి.

పేరు తీయించుకోవడానికి సరైన దారి వేరే ఉంది. ఫుటేజీ, హాజరు రికార్డు, ఆఫీసు నుంచి లేఖ జతచేసి దర్యాప్తు అధికారికి తమ్ముడు విజ్ఞాపన పత్రం ఇవ్వాలి. నకలు డీఎస్పీకి, ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదులు దాచాలి. నిజాయితీగా దర్యాప్తు జరిగితే ఛార్జిషీటులో ఏ4 పేరు తొలగిస్తారు. తొలగించకపోయినా ఆ కాగితం వృథా కాదు. "ముద్దాయి ఈ మాట మొదటి వారంలోనే చెప్పాడు, కోర్టులో కొత్తగా అల్లింది కాదు" అని చెప్పడానికి అదే ఆధారం. నేరం జరిగినప్పుడు తాను వేరే చోట ఉన్నానని నిరూపించుకునే భారం ముద్దాయి మీదే ఉంటుంది, కోర్టులు ఈ వాదనను చాలా జాగ్రత్తగా పరీక్షిస్తాయి. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. అయితే పేరు తొలగించినంత మాత్రాన పూర్తిగా నిశ్చింత అనుకోవద్దు. విచారణలో సాక్షి అతని పేరు చెప్పి, ఆధారం బలంగా ఉందనిపిస్తే కోర్టు 358వ సెక్షన్ కింద మళ్లీ పిలవవచ్చు. ఆధారాలన్నీ కేసు ముగిసేదాకా భద్రంగా ఉంచండి.

ముందస్తు బెయిల్ విషయంలో నా అభిప్రాయం: ప్రస్తుతం ఉన్న సెక్షన్లను బట్టి తొందరపడక్కర్లేదు. ఇలాంటి కేసుల్లో పిటిషన్ వేసినా, మన హైకోర్టుల్లో చాలాసార్లు "41ఎ పద్ధతి పాటించండి" అని ఆదేశించి ముగించేస్తారు. కానీ ఒక్కటి గమనిస్తూ ఉండాలి. దెబ్బ తగిలిన ఆయన ఎక్స్‌రే రిపోర్టు. ఎముక విరిగిందని వస్తే అది తీవ్ర గాయం అవుతుంది. 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన పనులు తాను చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే, పాత చట్టంలో అది 20 రోజులు. అప్పుడు పోలీసులు సెక్షన్ మార్చమని కోర్టులో మెమో వేస్తారు. 118(1) కాస్తా 118(2) అవుతుంది, దానికి శిక్ష యావజ్జీవం దాకా ఉంది. ఏడేళ్ల లోపు కేసు కాదు కాబట్టి అర్నేష్ కుమార్ తీర్పు ఇచ్చే రక్షణ అక్కడితో పోతుంది. వారం వారం కోర్టులో గుమస్తా చేత కేసు ఫైలు చూపించుకుంటే ఇది ముందే తెలుస్తుంది. తెలిసిన రోజే సెషన్స్ కోర్టులో 482 కింద ముందస్తు బెయిల్ వేయాలి. అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఫిర్యాదులో ఎస్సీ, ఎస్టీ చట్టం కూడా చేర్చితే దారి ఇంకా ఇరుకవుతుంది, ఆ చట్టం ముందస్తు బెయిల్‌ను నిషేధిస్తుంది. ప్రాథమికంగానే కేసు నిలబడనప్పుడు ఆ నిషేధం వర్తించదని 2020లో పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి అనుభవమున్న లాయరు కావాలి.

ఒకవేళ అరెస్టే జరిగితే కంగారు పడకుండా కొన్ని చూసుకోండి. అరెస్టు మెమో మీద కుటుంబసభ్యుడో ఊరివాళ్లో సాక్షి సంతకం పెట్టాలి, సమయం సరిగా రాశారో లేదో చూడాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో రాసి ఇవ్వాలి. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు ఇది అన్ని నేరాలకూ వర్తిస్తుందని, ఆ కాగితం నిందితుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని, వెంటనే ఇవ్వలేకపోతే రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని చెప్పింది. తెలుగు తప్ప రానివాడికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి చేతులు దులుపుకోవడం ఇక కుదరదు. రిమాండ్ సమయంలో మేజిస్ట్రేటు "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. బయట ఎంత బెదిరించి తీసుకొచ్చినా సరే, కొడితే కొట్టారని అక్కడే చెప్పాలి, దెబ్బలు చూపించాలి. ఆ రోజు "లేదండీ" అన్నవాడు తర్వాత ఎప్పుడు చెప్పినా నమ్మించడం కష్టం.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఊరుకోకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరును ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు కస్టడీలో లేకపోయినా ఈ హక్కు ఉంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఉచితం అంటే పనికిరానిది అని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది, అది తప్పు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ వచ్చాక చాలా జిల్లాల్లో ముద్దాయిల కేసులే చూసే లాయర్లు అక్కడ ఉంటున్నారు. బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరక్క జైల్లోనే ఉండిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బెయిల్ వచ్చి వారంలోపు మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. షరతులు సడలించమని అడగవచ్చు. అడిగేవాళ్లు లేకే చాలామంది లోపల ఉన్నారు.

జైల్లో ఉన్నవాడి కుటుంబం క్యాలెండర్ మీద ఒక తేదీ గుర్తు పెట్టుకోవాలి. ఇలాంటి కేసులో మొదటి రిమాండ్ నుంచి 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకు మించి శిక్ష పడే కేసుల్లో 90 రోజులు. కానీ అది దానంతట అది రాదు, అడగాలి. మనం అడిగేలోపు ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. ఒక్కరోజు ఆలస్యంతో నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఛార్జిషీటు వచ్చాక కాపీలన్నీ ఉచితంగా ఇస్తారు. అందులో నేను మొదట చదివేది ఫిర్యాదు కాదు, గాయాల సర్టిఫికెట్. దెబ్బ తగిలినాయన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుతో మొదట ఏం చెప్పాడో అందులో ఉంటుంది: ఎన్ని గంటలకు, ఎవరు, దేనితో కొట్టారు. అప్పటికింకా ఎవరూ కూర్చుని ఆలోచించి పేర్లు చేర్చి ఉండరు. డాక్టరుకు ముగ్గురని చెప్పి, సాయంత్రం ఫిర్యాదులో నలుగురైతే, ఆ నాలుగో పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మీ తమ్ముడి కేసు. ఆ తర్వాత ఎఫ్‌ఐఆర్ ఎన్ని గంటలకు నమోదైంది, మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది, మధ్యలో ఎంత సమయం ఖాళీగా ఉంది అన్నవి చూస్తాను. మీ నాన్నగారికి, బాబాయిలకు కూడా దెబ్బలు తగిలాయని ఒక మాట రాసి వదిలేశారు. అది చిన్న విషయం కాదు. వాళ్లకు వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి, ఫిర్యాదు ఇవ్వండి. అయితే జరిగిందే రాయండి. అవతలివాళ్లు మీ తమ్ముణ్ని ఇరికించారని మీరూ అక్కడ లేని మనిషి పేరు రాస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ముందు కూలేది మీ కేసే. ఒకే గొడవకు రెండు కేసులున్నప్పుడు రెండింటినీ ఒకే జడ్జి విచారించడం పద్ధతి, మీ లాయరు ఆ మేరకు అడగాలి.

నాన్నగారి కేసు, తమ్ముడి కేసు ఒకటి కాదని కూడా గుర్తించండి. నాన్నగారు అక్కడ ఉన్నారు, తమ్ముడు లేడు. అవసరమైతే ఇద్దరికీ వేర్వేరు లాయర్లను పెట్టండి. ఇద్దరూ తమ లాయరుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి, తమ తప్పు ఉన్నా సరే. చెప్పిన మాట బయటికి పోదు, చట్టమే దాన్ని కాపాడుతుంది. లాయరుకు తెలియని నిజం క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యలో బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ లోపల అవతలివాళ్లకు ఫోన్లు చేయడం, వాళ్లింటి మీదికి వెళ్లడం, గ్రూపుల్లో వీడియోలు పెట్టడం ఎవరూ చేయొద్దు. రాజీ కుదిరే అవకాశం ఉంటే లాయర్ల ద్వారా మాట్లాడండి. కొన్ని సెక్షన్లు కింది కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రాజీ పడవచ్చు. అలా కుదరని వాటిని కూడా, ఇద్దరి మధ్య గొడవే అయితే, హైకోర్టు కొట్టేయవచ్చని 2012లో గ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గట్టు గొడవలు చాలా వరకు అక్కడే ముగుస్తాయి. ముగిసేదాకా వాయిదాలు తప్పకూడదు. హైదరాబాదు నుంచి రాలేని రోజు ముందే లాయరుకు చెబితే గైర్హాజరు పిటిషన్ వేస్తారు. చెప్పకుండా ఊరుకుంటే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, అది ఆఫీసుకే వెళ్లినా ఆశ్చర్యం లేదు.

ఉద్యోగం విషయానికొస్తే, ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన దోషి కాడు. కానీ కంపెనీ ఫారంలోనో ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తులోనో కేసుల గురించి అడిగితే దాచొద్దు. నేరం చిన్నదైనా దాచడం వల్ల ఉద్యోగాలు పోతున్నాయి, 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చర్చించింది. పాస్‌పోర్టు ఇప్పటికే ఉంటే కంగారు పడకండి. ఛార్జిషీటును కోర్టు విచారణకు తీసుకున్నాక కొత్తది కావాలన్నా, రెన్యువల్ కావాలన్నా, కేసు నడుస్తున్న కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి, 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. ఆన్‌సైట్, అంటే కంపెనీ తరఫున విదేశంలో పనిచేసే అవకాశం ఉందని రాశారు కాబట్టి, ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఆ పిటిషన్ వేయించండి. కంపెనీ లేఖ, ఎన్నాళ్లకు తిరిగి వస్తాడో రాసిన ప్రమాణ పత్రం జతచేస్తే మామూలుగా కోర్టులు కాదనవు.